మోకాలి మార్పిడి తర్వాత లేజర్: లోపల లోహం ఉంటే పెట్టొచ్చా, ఎంత డోసు, ఎన్ని సిట్టింగులు?

పరకాల కోడలు:

అందరికీ నమస్తే. మా అత్తమ్మకు 64 ఏండ్లు. హన్మకొండల కుడి మోకాలు పూర్తిగా మార్చిండ్రు, ఇయ్యాల్టికి 16వ రోజు. పిన్నులు తీసేసిండ్రు, పుండు పొడిగా ఉన్నది, జ్వరం లేదు, పిక్కల వాపు లేదు. షుగర్ ఉన్నది, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) 7.4. రక్తం పలచబడే గోళీ ఇంకా నడుస్తున్నది. ఫిజియో కొలిచి రాసిచ్చిన లెక్క: కాలు వంగుడు 78 డిగ్రీలు, చాపినప్పుడు ఇంకా 10 డిగ్రీలు తక్కువ పడుతున్నది. రాత్రంతా సలుపుడే, నిద్ర లేదు. పొద్దున ఎక్సర్‌సైజు మాట ఎత్తితేనే భయపడుతున్నది.

ఒక క్లినిక్‌ల లేజర్ 15 సిట్టింగులు పెడ్తమన్నరు. మిషన్ మీద రాసి ఉన్నది: 810, 980 నానోమీటర్లు, 12 వాట్లు, క్లాస్ 4. దాంతోపాటు అల్ట్రాసౌండు, ఐఎఫ్‌టీ (నొప్పికి ప్యాడ్లతోని పెట్టే కరెంటు) కలిపి ప్యాకేజీ అంటున్నరు. నాకు తెల్వాల్సినవి ఇవి. లోపల లోహం ఉన్నది గదా, లేజర్‌తోని వేడెక్కదా? డోసు గురించి నేను వాళ్లను ఏం అడగాలె? పరకాల నుంచి రోజూ పోయి వచ్చుడు అవసరమా? ఆన్‌లైన్‌ల చిన్న లేజర్లు దొరుకుతున్నయి, ఒకటి కొని ఇంట్లనే పెట్టుకుంటే సరిపోదా?

ఫిజియో, సుబేదారి:

అక్కా, కొలతలతో సహా రాశారు కాబట్టి సూటిగా చెప్తాను.

లోహం గురించి భయం వద్దు. ఆ కాంతి చర్మం దాటగానే నలుదిక్కులా చెదిరిపోతుంది. కొవ్వు, కండరం, కీలు పొర దాటి ఇంప్లాంట్ (లోపల పెట్టిన కీలు) దాకా చేరేది చాలా కొద్ది భాగం. కోబాల్ట్ క్రోమియం దిమ్మను వేడి చేయడానికి అది చాలదు. మోకాలు మార్చిన మనిషికి అసలు పెట్టకూడనిది షార్ట్‌వేవ్ డయాథర్మీ. అది 27.12 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే విద్యుదయస్కాంత క్షేత్రం. లోహం చుట్టూ ఆ శక్తి పోగుపడి పక్కన ఉన్న కండ లోపల్లోపలే కాలుతుంది. మైక్రోవేవ్ డయాథర్మీ కూడా అంతే. కొన్నిచోట్ల ఈ మిషన్లన్నీ ఒకే గదిలో ఉంటాయి. ‘వేడి పెడ్తం’ అన్నప్పుడు ఏ మిషన్‌తోనో అడిగి తెలుసుకోండి.

ప్యాకేజీలోంచి అల్ట్రాసౌండు తీసేయమనండి. మార్చిన మోకాలిలో లోహం ఒక్కటే ఉండదు. రెండు లోహాల మధ్య పాలీఎథిలీన్ పలక ఉంటుంది, లోహాన్ని ఎముకకు పట్టించేది పీఎంఎంఏ సిమెంటు. ఈ రెండూ అల్ట్రాసౌండును పీల్చుకుని వేడెక్కుతాయి. ఐఎఫ్‌టీతో ఆ బాధ లేదు. పేస్‌మేకర్ లేకపోతే, ప్యాడ్లు కుట్ల గీత మీద పడకుండా పెట్టించుకోవచ్చు. అయితే కరెంటు పెట్టించుకునే సమయం ఉంటే నేను ఐఎఫ్‌టీ కన్నా తొడ ముందు కండకు ఎన్‌ఎంఈఎస్ (కరెంటుతో కండను బిగింపజేసే పద్ధతి) అడుగుతాను. ఆపరేషన్ తర్వాత ఆ కండ (క్వాడ్రిసెప్స్) మొద్దుబారి పనిచేయడం మానేస్తుంది. ఆ కండను లేపడానికి ఎన్‌ఎంఈఎస్ వాడాలని మోకాలి మార్పిడి మీద 2020లో వచ్చిన అమెరికన్ ఫిజియోథెరపీ మార్గదర్శకాలు గట్టిగానే చెప్పాయి. 50 హెర్ట్జ్ మీద, పది సెకన్లు కండ బిగిసి, యాభై సెకన్లు వదిలేలా, పది నుంచి పదిహేను సార్లు. కండ కళ్లకు కనిపించేలా బిగియాలి. ఊరికే చిమచిమలాడితే లాభం లేదు.

ఇప్పుడు లేజర్ ఏం చేస్తుందో చెప్తాను. కణాల్లోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సీ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఈ కాంతిని పీల్చుకుంటుంది. కణం శక్తి తయారీ పెరుగుతుంది, వాపుకు, నొప్పికి కారణమయ్యే రసాయనాలు కొంత తగ్గుతాయి. మోకాలి అరుగుదల మీద దీనిపై చాలా పరిశోధనలు ఉన్నాయి. మార్పిడి తర్వాత వాడకం మీద ఉన్నవి తక్కువ, చిన్నవి. వాటి నుంచి నేను తీసుకునేది ఇంతే: మొదటి వారాల్లో నొప్పి, వాపు కొంత తగ్గవచ్చు. ‘లేజర్ పెడితే కాలు వంగుతది’ అని ఎవరైనా అంటే నమ్మకండి. కాలు వంగేది వంచితేనే. లేజర్ నొప్పిని కాసేపు తగ్గిస్తే, ఆ కాసేపట్లో వంచుకోవాలి, చాపుకోవాలి. లేజర్ పెట్టించుకుని ఇంటికొచ్చి పడుకుంటే ఆ సిట్టింగు పోయినట్టే.

అత్తమ్మగారి లెక్కలో నన్ను కలవరపెట్టేది 78 కాదు, చాపడంలో తక్కువ పడుతున్న ఆ 10. వంగడం మూడు నెలల దాకా పెరుగుతూ పోతుంది. చాపడం మాత్రం మొదటి వారాల్లో రాకపోతే వెనకవైపు కండరాలు, కీలు పొర బిగుసుకుపోయి, కుంటుతూ నడిచే అలవాటు స్థిరపడుతుంది. మోకాలి కింద దిండు పెడుతున్నారా? పెడుతుంటే ఈ రాత్రి నుంచే తీసేయండి. హాయిగా అనిపిస్తుందని ఇంట్లో వాళ్లే ప్రేమగా పెడతారు, కాలు వంగి బిగుసుకోవడానికి అదొక కారణం. దిండు మడమ కింద ఉండాలి, మోకాలు గాల్లో వేలాడాలి. ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు.

బయోమెడ్, కాజీపేట:

డోసు గురించి నేను చెప్తాను. మిషన్ల మరమ్మత్తు, క్రమాంకనం (కాలిబ్రేషన్) నా పని.

క్లినిక్‌లో ‘ఎన్ని నిమిషాలు పెడ్తరు’ అని అడగకండి, ‘ఎన్ని జౌల్స్’ అని అడగండి. వాట్లను సెకన్లతో గుణిస్తే జౌల్స్. 100 మిల్లీవాట్ల ప్రోబు (కాంతి వచ్చే పిడి) 40 సెకన్లు పెట్టినా 4 జౌల్స్, 500 మిల్లీవాట్లది 8 సెకన్లు పెట్టినా 4 జౌల్స్. ఆ లెక్క చెప్పలేని చోట నిమిషాలకు అర్థం లేదు.

500 మిల్లీవాట్ల దాకా క్లాస్ 3బీ, దాటితే క్లాస్ 4. రెండూ పనికొస్తాయి, పెట్టే పద్ధతి వేరు. 3బీ ప్రోబును చర్మానికి నిట్టనిలువుగా ఆనించి, కొద్దిగా అదిమి, ఒక్కో పాయింటు మీద కదలకుండా పట్టాలి. చర్మం నుంచి ఒక్క సెంటీమీటరు లేపినా, పక్కకు వాల్చినా చాలా కాంతి పైనే పరావర్తనమై పోతుంది. వాల్ట్ అనే అంతర్జాతీయ లేజర్ థెరపీ సంఘం మోకాలి అరుగుదలకు ఇచ్చిన పట్టికలో 780 నుంచి 860 నానోమీటర్లకు పాయింటుకు కనీసం 4 జౌల్స్, 904కు కనీసం 1 జౌల్ ఉంటుంది. రెండు వారాలు రోజూ, లేదంటే మూడు నాలుగు వారాలు రోజు విడిచి రోజు అని కూడా అందులోనే ఉంటుంది. అది మార్పిడి కోసం రాసింది కాదు, కానీ మొదలుపెట్టడానికి ఆధారం అదే.

మీ క్లినిక్‌లో ఉన్నది క్లాస్ 4. దాన్ని ఒకచోట నిలపకూడదు. ఇస్త్రీ పెట్టెలాగ ఆగకుండా కదుపుతూనే ఉండాలి, ఆగిన చోట కాలుతుంది. మోకాలు ముందు, పక్కలు, వెనక కలిపి సుమారు 300 చదరపు సెంటీమీటర్లు అనుకోండి. చదరపు సెంటీమీటరుకు 6 జౌల్స్ చొప్పున మొత్తం 1800 జౌల్స్. మిషన్ 12 వాట్లదైనా 6 వాట్లకు దించి పెడితే 300 సెకన్లు, అంటే ఐదు నిమిషాలు. 12 వాట్ల మీద రెండున్నర నిమిషాల్లో ముగిస్తామంటే ఒప్పుకోకండి. జౌల్స్ అవే అయినా, చర్మం ఎక్కువ వేడెక్కుతుంది. మన ఛాయకు మెలనిన్ ఎక్కువ. 810 కాంతిని చర్మంలోని మెలనిన్ బాగానే పీల్చుకుంటుంది, 980ని నీరు పీల్చుకుంటుంది. అంటే రెండు విధాలా పైపొరే ముందు వేడెక్కుతుంది. తెల్లచర్మం మీద తయారుచేసిన ప్రీసెట్‌ను (మిషన్‌లో ముందే పెట్టి ఉంచిన డోసును) అలాగే నొక్కేయడం తప్పు. డోసు ఎక్కువైతే ఎక్కువ లాభం అనీ లేదు. ఒక హద్దు దాటాక ఈ కాంతి మేలు తగ్గిపోతుంది, వ్యతిరేకంగా కూడా పనిచేస్తుంది.

కొన్ని 904 మిషన్ల మీద ‘25 వాట్లు’ అని పెద్దగా రాస్తారు. అది ఒక్కో పల్సు (క్షణకాలపు మెరుపు) తాకే గరిష్ఠ పవర్. పల్సు 200 నానోసెకన్లు, సెకనుకు 5000 పల్సులు అయితే సగటు 25 మిల్లీవాట్లే. అంటే 1 జౌల్ ఇవ్వడానికి 40 సెకన్లు. ఫ్రీక్వెన్సీ తగ్గిస్తే సగటు ఇంకా పడిపోతుంది. కాబట్టి సగటు పవర్ ఎంతో అడగాలి.

కళ్లద్దాలు. ఈ విషయంలో రాజీ పడొద్దు. ఈ కాంతి కంటికి కనిపించదు, కాబట్టి రెప్ప దానంతటది మూసుకోదు, రెటీనా కాలాక గానీ తెలియదు. పేషెంటుకు, పెట్టేవాళ్లకు, గదిలో ఉన్న మీకు కూడా అద్దాలు ఉండాలి. అద్దాల మీద 810, 980 రెండింటికీ రక్షణ అని రాసి ఉండాలి. మామూలు నల్లద్దాలు పనికిరావు. అత్తమ్మగారి పట్టీలు, కడియాలు తీసేయాలి, పెట్టేవాళ్ల గాజులు, గడియారం కూడా. క్లాస్ 4లో లోహం మీద పడి తిరిగొచ్చిన కిరణం కూడా కంటికి ప్రమాదమే. చీర కుచ్చిళ్లు మోకాలి పైదాకా మడిచి పక్కకు తీయండి, ముదురు రంగు బట్ట మీద కిరణం పడితే అంటుకోవచ్చు.

ఇక ఆన్‌లైన్ లేజర్లు. చాలావాటిలో 650 నానోమీటర్ల ఎర్ర డయోడ్లు, ఒక్కోటి 5 మిల్లీవాట్లు. ఒక్క పాయింటుకు 4 జౌల్స్ అందాలంటే 800 సెకన్లు, అంటే పదమూడు నిమిషాల పైచిలుకు. పైగా ఆ ఎర్రకాంతి మోకాలి లోతుకు పెద్దగా దిగదు. తరంగదైర్ఘ్యం, సగటు పవర్, క్లాస్ ఈ మూడూ రాయని వస్తువును కొనకండి. ఎర్రగా వెలిగే ఇన్‌ఫ్రారెడ్ దీపం కూడా లేజర్ కాదు, అది వట్టి వేడి. వాపు ఉన్న మోకాలికి ఈ దశలో వేడి పెట్టొద్దు.

ఆర్థో సిస్టర్, హన్మకొండ:

పై ఇద్దరు మిషన్ సంగతి చెప్పిండ్రు, నేను పుండు సంగతి చెప్తా.

కుట్ల గీతకు బయటివైపు ఒక అరచెయ్యంత మేర మొద్దుబారి ఉంటది, తాకి చూస్తే తెలుస్తది. కోతలో అక్కడికి పోయే సన్నని నరం తెగుతది కాబట్టి, ఇది అందరికీ ఉండేదే. క్లాస్ 4 లేజర్‌కు మాత్రం ఇదే గండం. వేడెక్కినా అత్తమ్మకు తెల్వదు, ‘మంట’ అని చెప్పదు, సాయంత్రం చూస్తే బొబ్బ. పెట్టే ముందు దూదితోని, చల్లటి చెంచాతోని తాకి ఎక్కడెక్కడ తెలుస్తలేదో పెన్నుతో గీత గీయమనండి. ఆ గీత లోపల పవర్ తగ్గించాలె, లేదా విడిచిపెట్టాలె. షుగర్ ఉన్నవాళ్లకు ఇంకా జాగ్రత్త. ఐస్ పెట్టిన వెంటనే కూడా క్లాస్ 4 పెట్టొద్దు, చల్లదనానికి చర్మం మొద్దుబారి ఉంటది.

పొయ్యే ముందు మోకాలు మామూలు నీళ్లతో తుడవండి. పసుపు, నువ్వుల నూనె, జండూబామ్ లాంటివి చర్మం మీద ఉంటే కాంతి లోపలికి పోదు, పైన వేడి పుడుతది. బామ్ పూసి ఉంటే మంట లేజర్‌దో, బామ్‌దో కూడా తెల్వదు. కుట్ల గీత మీద ఎక్కడన్న చెక్కు కట్టి ఉంటే దాన్ని గీకొద్దు.

రక్తం పలచబడే గోళీ ఉన్నదని లేజర్ ఆపాల్సిన పని లేదు. కొత్తగా కమిలి నల్లబడితే మాత్రం చూపించుకోవాలె. డాక్సీసైక్లిన్, ఎమియోడరోన్ లాంటి గోళీలు వాడుతుంటే ముందే చెప్పండి. అవి చర్మాన్ని వెలుతురుకు సున్నితం చేస్తయి. ఇంతకుముందు క్యాన్సర్ ఉన్నా చెప్పాలె.

కొన్ని గుర్తులు కనిపిస్తే లేజర్ సంగతి మరిచి నేరుగా సర్జన్ దగ్గరికి పోవాలె. పొడిగా ఉన్న పుండు మళ్లీ తడి అయితే, 100.4 దాటి జ్వరం వస్తే, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్లీ పెరిగితే. మోకాలు ముట్టుకుంటే వెచ్చగా ఉండుడు నెలల దాకా ఉంటది, దానికి భయపడొద్దు. ఎరుపు పాకుతుంటే మాత్రం ఆగొద్దు. అప్పుడు ఊర్లో ఆర్‌ఎంపీ దగ్గర యాంటీబయాటిక్ అస్సలు వేయించొద్దు. కీలులో నీళ్లు తీసి పరీక్షకు పంపకముందే మందు పడితే, ఏ క్రిమో దొరకదు, చీము లోపలే ముదురుతది. మోకాలిల సూది కూడా ఎవరితోని ఇప్పించొద్దు. పిక్క గట్టిపడి నొప్పి లేస్తే మర్దన చెయ్యొద్దు, లేజర్ పెట్టొద్దు, అదే రోజు డాప్లర్ (రక్తం గడ్డకట్టిందా అని చూసే స్కాన్) తీయించాలె. ఆయాసం వచ్చినా, ఛాతీల నొప్పి లేచినా 108కు ఫోన్ చేయండి.

ఒక మాట. నేనైతే షుగర్ ఉన్నవాళ్లకు పుండు పూర్తిగా మానేదాకా, మూడు వారాలు ఆగి లేజర్ మొదలుపెట్టమంట.

ఫిజియో, సుబేదారి:

సిస్టర్ గారూ, మొద్దుబారిన చోటు గురించి మీరు చెప్పింది ప్రతి ఫిజియో గోడకు అంటించుకోవాల్సిన మాట. మూడు వారాలు ఆగడం దగ్గర మాత్రం నాది వేరే అభిప్రాయం. పిన్నులు తీసి, పుండు పొడిగా ఉంటే, గీతకు రెండు సెంటీమీటర్లు అవతల మొదలుపెట్టొచ్చు. నొప్పికి కాలు చాపలేకపోతున్న ఈ వారమే ఆమెకు సాయం కావాలి. ఎలాగూ సర్జన్‌ను ఒక మాట అడిగే మొదలుపెట్టాలి, ఆయన ఆగమంటే ఆగాలి.

పరకాల కోడలు:

అందరికీ చాలా థాంక్స్. మోకాలి కింద దిండు నేనే పెడుతున్న, ఇప్పుడే తీసేసిన. సర్జన్‌ను ఫోన్‌ల అడిగినం, గీత విడిచి పెట్టుకోవచ్చన్నరు. అల్ట్రాసౌండు వద్దని క్లినిక్‌కు చెప్పిన. ఇంక రెండు సంగతులు చెప్పండ్రి. రోజూ పోవాల్నా? పోయినప్పుడు ముందు లేజరా, ముందు ఎక్సర్‌సైజా? ఇంకోటి, అత్తమ్మ అడగమన్నది: బతుకమ్మ పేర్చనీకె కింద కూర్చోవచ్చా అని.

ఫిజియో, సుబేదారి:

రోజు విడిచి రోజు చాలు. పోను రాను ఆటోలో కాలు ముడుచుకుని గుంతల్లో కుదుపులు తింటే, లేజర్ తగ్గించిన వాపు దారిలోనే తిరిగొస్తుంది. కారైతే ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి కూర్చోబెట్టండి. బస్సైతే ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. దారి పొడవునా పాదాన్ని పైకి కిందికి ఆడిస్తూ ఉండాలి, పిక్కలో రక్తం నిలవకుండా. 15 సిట్టింగుల డబ్బు ముందే కట్టకండి. ఆరు కట్టండి. మొదటి సిట్టింగు, ఆరో సిట్టింగు రోజుల్లో ఇవి రాసి పెట్టుకోండి: రాత్రి నొప్పి పదికి ఎంత, మోకాలి చిప్ప మధ్యలో టేపు కొలత, చిప్పకు పది సెంటీమీటర్ల పైన టేపు కొలత, వంగడం, చాపడం. టేపు కొలతలు రెండో కాలికి కూడా తీయండి. ఆరింటిలో నొప్పి, వాపు కదలకపోతే తొమ్మిది ఎక్కువ పెట్టినా కదలవు. ఆ డబ్బు పరకాలలోనే ఇంటికొచ్చి ఎక్సర్‌సైజు చేయించే ఫిజియోకు పెట్టండి.

వరుస ఇది. డాక్టరు రాసిన పారాసెటమాల్ వేళను క్లినిక్‌కు చేరే గంట ముందుకు కుదిరేలా చూసుకోండి. చేరాక ముందు లేజర్. ఆ వెంటనే, అర్ధగంట కూడా పోనీయకుండా, మడమ కింద బట్ట చుట్ట పెట్టి పది నిమిషాలు కాలు చాపడం. తర్వాత తొడ బిగించి మోకాలిని మంచానికి అదిమి ఐదు సెకన్లు పట్టడం, పదిహేను సార్లు. ఎన్‌ఎంఈఎస్ ఉంటే దాన్ని ఇక్కడే కలపాలి, కండ బిగిసినప్పుడల్లా ఆమె కూడా బిగించాలి. ఆ తర్వాత వంచడం. కుర్చీలో కూర్చుని, మంచి కాలితో ఆపరేషన్ కాలిని మెల్లగా వెనక్కి నెట్టి పదిహేను సెకన్లు ఆగడం, పది సార్లు. గుంజుతుంది, గుంజాలి. కానీ ఆపిన తర్వాత గంటలోపు నొప్పి మామూలుకు రావాలి. మర్నాటికి వాపు పెరిగితే చేసింది ఎక్కువైనట్టు, మానేయకుండా సగానికి తగ్గించండి. ఎవరైనా పైన కూర్చుని బలవంతంగా వంచితే ఒప్పుకోకండి. కీలు లోపల రక్తం కారి ఇంకా బిగుసుకుంటుంది. చివర్లో ఐస్, బట్ట చుట్టి, పదిహేను ఇరవై నిమిషాలు, కాలు గుండె కన్నా ఎత్తులో. లేజర్ లేని రోజు ఇంట్లో ఇదే వరుస, మూడు పూటలా. సీపీఎం మిషన్ (కాలిని దానంతటదే వంచి చాపేది) అద్దెకు తెమ్మని ఎవరన్నా చెప్తే అక్కర్లేదు. మామూలు మోకాలి మార్పిడికి దాన్ని వాడొద్దనే ఆ 2020 మార్గదర్శకాలు అంటున్నాయి.

లక్ష్యాలు: ఈ రెండు వారాల్లో చాపడం సున్నాకు రావాలి, వంగడం 90 దాటాలి. మెట్లు ఎక్కడానికి సుమారు 90 కావాలి, కుర్చీలోంచి తేలిగ్గా లేవడానికి అంతకన్నా కొంచెం ఎక్కువ. ఆరు వారాలకు కూడా 90 రాకపోతే సర్జన్‌కు చూపించండి. మత్తు ఇచ్చి కీలును వంచే పద్ధతి ఒకటి ఉంది, ఆలస్యమైన కొద్దీ దాని ఫలితం తగ్గుతుంది.

కింద కూర్చోవడం ఈ ఏడు వద్దనండి. బాసింపట్టు వేసుకోవడం, గొంతుక్కూర్చోవడం రెండింటికీ వంగడంతో పాటు మోకాలు మెలి తిరుగుతుంది. తర్వాతి సంగతి ఆమెకు వేసిన ఇంప్లాంట్‌ను బట్టి సర్జనే చెప్పాలి. బతుకమ్మ పేర్చడానికి తాంబాళం బల్ల మీద పెట్టి, మోచేతుల ఎత్తుకు వచ్చేలా చూసి, చేతులున్న గట్టి కుర్చీ వేయండి. కుర్చీ ఎత్తు ఆమె మోకాలి కన్నా రెండు అంగుళాలు ఎక్కువ ఉండాలి. ఇరవై నిమిషాలకు ఒకసారి లేచి నాలుగు అడుగులు వేయాలి. తంగేడు, గునుగు కట్టలు నేల మీద కాకుండా పక్కన ఇంకో స్టూలు మీద పెట్టండి, మెలి తిరిగి వంగాల్సిన పని పడదు.

ఆర్థో సిస్టర్, హన్మకొండ:

నేల మీద రాలిన పూలరెక్కలు, తడి ఎప్పటికప్పుడు తీసేయండి. చేతికర్రతోని నడిచే మనిషి వాటి మీద జారితే, లోపల పెట్టిన కీలు చుట్టూ ఎముక విరుగుతది. ఇంట్ల కూడా వెనక పట్టీ ఉన్న చెప్పులే వేయండి.